మొలకు కట్టిన చేపలు

మొన్న శుక్రవారం సాయంత్రం వంటింటి గుమ్మంలో పీట వేసుకుని తోటకూర బాగుచేస్తుంటే, వెనక గదిలోంచి సొరచేపల గురించి ఎవరో ఉపన్యాసం ఇస్తున్నట్టు వినిపించింది. ఏలూరులో సొరచేపల సంగతి ఎవరికి కావాలి? మా ఊళ్ళో నీళ్ళంటే మున్సిపాలిటీ కుళాయి, కృష్ణా కాలవ, వానలు గట్టిగా పడితే తమ్మిలేరు. వీటిల్లో పుట్టి మనిషిని పీక్కుతినేది దోమ ఒక్కటే. తొంగి చూస్తే మా మరిది కూతురు మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తోంది. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, కొల్లేరు లంకలో ఉంటాడు. పిల్ల కాలేజీ చదువుకని మా ఇంట్లో ఉంటూ, చదువు కంటే ఈత ఎక్కువ వెలగబెడుతోంది. స్విమ్మింగ్ పూల్లో పోటీలన్నీ అయ్యాయి, కప్పులు నా అద్దాల బీరువాలో చోటు చాలక ఫ్రిజ్ మీదకెక్కాయి. ఇప్పుడు విశాఖపట్నంలో సముద్రంలో ఈదే పోటీకి కాలేజీ తరఫున ఎంపికైంది. సోమవారం ప్రయాణం. సముద్రంలోకి దిగేవాళ్ళు సొరల బారిన పడకుండా ఏం చెయ్యాలో ఫోనులో ఎవరో చెబుతుంటే, పరీక్షల ముందు కూడా చూపించని శ్రద్ధతో వింటోంది.

విన్నది విన్నట్టు నాకు అప్పజెప్పడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. "అసలు సొరలు మనిషి జోలికి రావడమే చాలా తక్కువంట పెద్దమ్మా. అయినా పొద్దుగూకేవేళ దిగకూడదంట, అది వాటికి అన్నం తినే టైమంట. ఏరొచ్చి సముద్రంలో కలిసేచోట, మురికినీళ్ళలో అస్సలు దిగకూడదంట. ఒంటిమీద మెరిసే నగలుంటే చేప పొలుసనుకుంటాయంట." నేను ఊఁ కొడుతూ ఆకులు గిల్లుతున్నాను. అప్పుడు అది లేచి కూర్చుని, "ఇది విన్నావా? పట్టిన చేపల్ని ఒంటికి కట్టుకుని నీళ్ళలో ఉండకూడదంట. ఎవరైనా అలా కట్టుకుంటారా పెద్దమ్మా? అంత తెలివితక్కువోళ్ళు కూడా ఉంటారా?" అని పడీపడీ నవ్వింది. దాని కాళ్ళు మంచం పట్టె మీద కొట్టుకుని వెండి పట్టీలు గలగలమన్నాయి. నా చేతిలో తోటకూర కాడ అలాగే ఉండిపోయింది. "ఉంటారేమోనమ్మా" అన్నాను.

కొత్తకోడలిగా లంకలో ఉన్న రోజుల్లో అలా కట్టుకునేవాళ్ళని నేను రోజూ చూసేదాన్ని. నాది తాడేపల్లిగూడెం. మా నాన్నగారు మిషను బడిలో మేష్టారు. నీళ్ళతో నాకున్న పరిచయమంతా పెంటపాడులో మా అమ్మమ్మ గారింటి దగ్గర కాలవ రేవు వరకే, అదీ మెట్టు పట్టుకుని చెంబుతో పోసుకునేంత. అటువంటిదాన్ని తీసుకెళ్ళి కొల్లేరు లంకలో ఇచ్చారు. పెళ్ళయిన మర్నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక నన్ను ఒడ్డు దాకా నడిపించుకొచ్చి, తాటి దోనెలో కూర్చోమన్నారు. తాటిచెట్టు మొదలు తొలిచి చేసిన పడవ అది. దాంట్లో కూర్చుంటే నీళ్ళకీ మనకీ మధ్య జానెడు చెక్క కూడా ఉండదు. గడ వేస్తున్నది నూనూగు మీసాల మా మరిది. నా బిగుసుకుపోయిన మొహం చూసి, "వదినగారూ, మీకు ఈతొచ్చాండీ?" అని అడిగాడు. రాదన్నాను. "అయితే కదలకండి" అన్నాడు మర్యాదగా. ఒడ్డు చేరేదాకా నేను తల కూడా తిప్పలేదు. కొల్లేరు ఎలా ఉంటుందమ్మా అని ఆ తర్వాత మా అమ్మ అడిగితే, ఎదురుగా ఉన్నంత మేర కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క, మా మరిది మోకాళ్ళు కనిపించాయని చెప్పాను.

ఆ మోకాళ్ళ మనిషి నీళ్ళలోకి దిగితే మాత్రం చూడాల్సిందే. వలా లేదు, గేలమూ లేదు. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, పాదాలతో బురద తడుముతూ మెల్లగా నడిచేవాడు. కాలికింద ఏది కదిలిందో, అది కొర్రమీనో ఇంగిలాయో, పాదానికే తెలిసేది. బుడుంగుమని మునిగి రెండు చేతుల్తో పట్టుకుని లేచేవాడు. పట్టిన చేపని ఒడ్డుకు తీసుకెళ్ళి బుట్టలో వెయ్యడమంటే మళ్ళీ అంత దూరం నడవాలి, ఈలోగా నీళ్ళు కలకబారిపోతాయి. అందుకని నడుముకి తాటినార తాడొకటి ఉండేది. చేప మొప్పలోంచి నోట్లోకి తాడు గుచ్చి మొలకు ముడేసుకునేవాడు. ఒక్కొక్కటీ చేరి వెనకాల దండలా తేలుతూ, ప్రాణంతోనే, మనిషి ఎటు వెళితే అటు వచ్చేవి. ఇంటికి తెచ్చేసరికి ఇంకా తోక కొట్టేవి. లంకలో చేత్తో చేపలు పట్టే ప్రతివాడూ అంతే. తండ్రి మొలకు కట్టుకున్నాడు కాబట్టి కొడుకు కట్టుకున్నాడు. కొల్లేట్లో ఆ దండని చూసి ఆశపడేది మహా అయితే ఒక నీటిపాము. దాన్ని చేత్తో అవతలికి తోసేసేవారు. మరిది నడుముకి ఆ తాడుతో పాటు వెండి మొలతాడు కూడా ఉండేది. మా అత్తగారు గేదె పాలు అమ్మి చేయించిన మొలతాడని చెప్పి మురిసిపోతూ, చొక్కా పైకెత్తి మరీ చూపించేవాడు.

మా ఆయనకి ఉద్యోగం ఏలూరులో, నాకు దెందులూరు దగ్గర బడిలో. మేం ఏలూరులో కాపురం పెట్టిన చాలా ఏళ్ళకి మరిదికి పెళ్ళయింది. వచ్చిన తోడికోడలు తల్లిలేని పిల్ల. అందుకని కాన్పుకి పుట్టింటికి పంపకుండా మా ఇంటికే తెచ్చుకున్నాం. మంచి ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల సన్నగా, కాలవగట్టు మీద పిల్లికూనలా ఉంది. తల్లికి పాలు పడలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయేది, దాన్ని చూసి తల్లి ఏడ్చేది. నేను డబ్బాపాలు కలిపి పట్టబోతే మా అత్తగారు గ్లాసు లాక్కున్నంత పని చేసేవారు. లంక నుంచి పురుడు పొయ్యడానికి వచ్చిన మనిషి, ఇంట్లో పెత్తనం ఆవిడది. "డబ్బాపాలెందుకే, సొర పెడితే సరిపోద్ది" అన్నారు. మా వైపు బాలింతకి సొర పెట్టడం తరతరాల అలవాటు. చిన్న రకాన్ని పాలసొర అనే అంటారు. ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దట్టంగా వేసి పిట్టు చేస్తారు. అది తిన్న బాలింతకి బిడ్డ తాగలేనన్ని పాలు పడతాయని నమ్మకం. నా కాన్పులకీ పెట్టారు. పాలు పడ్డాయి. సొర వల్ల పడ్డాయో, నేను వయసులో ఉండటం వల్ల పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి.

అయితే అది వేట ఆపేసే కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని సముద్రంలోకి బోట్లు వెళ్ళనివ్వరు. ఏలూరు మార్కెట్టులో చెరువు చేప తప్ప ఏమీ లేదు. నేను బడి అయ్యాక బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, మా అమ్మకి తెలిసిన చేపలావిడని బతిమాలితే ఎండు సొర ఉందంది. తెచ్చాను. మా అత్తగారు వాసన చూసి పక్కన పెట్టేశారు, పచ్చిదే కావాలిట. ఆ సాయంత్రం పిల్ల ఏడవడం మానేసింది. ఏడవడానికి ఓపిక లేక మానేసిందని నాకు అర్థమైంది. డాక్టరు దగ్గరికి పోదామని నేను, ఒక్కరోజు ఆగమని ఆవిడ. మరిది ఇద్దరి మొహాలూ చూశాడు. పక్కగదిలో భార్య మొహం చూశాడు. "కంగారు పడకండి వదినా, రేపు సాయంత్రానికి సొర తెత్తాను. సముద్రం ఎండిపోలేదు కదా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ మోటారు సైకిలు మీద నరసాపురం వైపు వెళ్ళారు. వాళ్ళు అటు వెళ్ళగానే నేను గది తలుపేసుకుని పిల్లకి ఉగ్గుగిన్నెతో డబ్బాపాలు పట్టేశాను. మా అత్తగారికి ఆవిడ పోయేదాకా ఆ సంగతి తెలియదు.

ఆ తర్వాత జరిగిన దానికి నేను సాక్షిని కాను. మా ఆయన ఒకేఒక్కసారి, ఆసుపత్రిలో ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చుని చెప్పారు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తీరం వెంట ఏ ఊళ్ళో అడిగినా సొర లేదన్నారట. చివరికి గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, మొగ అంటారు దాన్ని, అక్కడ విసురువల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకాయన, పొద్దు వాలే వేళకి చిన్న సొరలు చిరుచేపల వెంటపడి ఒడ్డు దాకా వస్తాయని చెప్పాడు. వల అరువిచ్చాడు. మోకాలు దాటి దిగొద్దని కూడా చెప్పాడు. "ఇది కొల్లేరు కాదండి" అన్నాడట. కొల్లేట్లో పుట్టినవాడికి మోకాల్లోతు నీళ్ళేమిటని మరిది నవ్వాడు. మా ఆయన బట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. సూర్యుడు వాలిపోయాడు, ఏటినీరు కలిసి సముద్రమంతా టీ రంగులో ఉంది. మొదట విసిరిన వలలో సొర పడలేదు, కొయ్యింగలు పడ్డాయి. అవీ మంచి చేపలే, వదులుకోవడమెందుకు? కొయ్యింగల మొప్పల్లో తాడు గుచ్చి మొలకు కట్టుకున్నాడు. ఇంకాస్త లోపలికి వెళ్ళి మళ్ళీ విసిరాడు. ఇంకో నాలుగు పడ్డాయి, అవీ కట్టుకున్నాడు. మొప్పల్లోంచి కారిన నెత్తురు నీళ్ళలో కలుస్తోందని, నడుమున వెండి మొలతాడు మెరుస్తోందని వాడికీ తోచలేదు, ఒడ్డునున్న అన్నగారికీ తోచలేదు. చిన్నప్పటి నుంచీ చేసే పనిని ఎవరైనా ఎందుకు ఆలోచించి చేస్తారు?

నడుం దగ్గర ఎవరో తాడు పట్టుకుని లాగినట్టయిందట. అన్నయ్య వచ్చి వేళాకోళం చేస్తున్నాడనుకుని, "ఉండన్నయ్యా" అంటూ వెనక్కి తిరిగాడు. అన్నయ్య ఒడ్డునే ఉన్నాడు. రెండోసారి లాగినప్పుడు చేపల దండతో పాటు తొడ వెనక కండ కూడా పోయింది. వాడు అరవలేదట, "అన్నయ్యా, నీళ్ళు వేడిగా ఉన్నాయి" అన్నాడట. మా ఆయన బట్టలు పారేసి పరిగెత్తి, వల విదిలించి వాణ్ణి ఒడ్డుకి లాగారు. ముసలాయన తలగుడ్డ విప్పి తొడ పైన బిగించి కట్టాడు. అది పెద్ద సొర అని ఆయనన్నాడు. మా ఆయన చూసింది మాత్రం నీళ్ళమీద ఒక నల్లటి రెక్క, అదీ ఒక్క క్షణం. అక్కణ్ణుంచి ఎవరిదో వ్యానులో వేసుకుని ముందు నరసాపురం, అక్కడ నుంచి ఏలూరు. కాలు తీసెయ్యాలేమోనని ఒక డాక్టరు, చూద్దామని ఇంకో డాక్టరు. కాలు దక్కింది గాని, తొడ వెనక చెయ్యి పట్టేంత పల్లం మిగిలింది. ఇప్పటికీ ఎడమకాలు ఈడ్చి నడుస్తాడు.

ఇంట్లో బాలింతకి చెప్పకుండా దాచడం ఎంతసేపు? చెప్పగానే పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి బయల్దేరింది. పచ్చి బాలింత గడప దాటకూడదని మా అత్తగారు అడ్డం నిలబడితే, ఎప్పుడూ తలెత్తి మాట్లాడని పిల్ల ఆవిణ్ణి పక్కకి జరిపి వెళ్ళిపోయింది. అక్కడ ఆడడాక్టరుకి ఎవరో చెబితే ఆవిడ వచ్చి చూసి, పిల్లని అస్తమానం రొమ్ముకి ఆనించమని, బాగా నీళ్ళు తాగమని, కడుపు నిండా తినమని చెప్పి, ఏదో మందు రాసింది. మొగుడి మంచం పక్కన, ఫినాయిలు వాసనలో, స్టూలు మీద కూర్చుని నా తోడికోడలు ఆ పనే చేసింది. కొన్నాళ్ళకి పాలు పడ్డాయి. సొర ముక్క నోట్లో పెట్టకుండానే పడ్డాయి. ఆ రోజు దాని జాకెట్టు తడిసిపోతే అది చూసి నేను సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

పిల్లకి ఊపిరి పోసిన ఆ గదిలోనే మా అత్తగారు ఆ మాటన్నారు. ఆవిడ చెడ్డమనిషని నేను చెప్పను. పొద్దునా రాత్రీ మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషి, నాకు జ్వరమొస్తే తలగడ దగ్గరే కూర్చున్న మనిషి. సొర కోసం తానే పంపించానన్న బాధ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, దాన్ని తీసుకెళ్ళి పసిగుడ్డు నెత్తిన పెట్టారు. చూడ్డానికి వచ్చిన లంక ఆడవాళ్ళ ముందు, "ఏం పిల్లో ఏమో, పుడుతూనే తండ్రి కాలు తినేసింది" అన్నారు. వాళ్ళు అయ్యో అయ్యో అన్నారు. ఆ అయ్యోలు లంకకి చేరితే ఆ పిల్ల బతుకంతా అదే పేరుతో పిలుస్తారని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోగా మంచం మీద నుంచి మా మరిది, మగతలో ఉన్నాడనుకున్నవాడు, మాట్లాడాడు. "అమ్మా, ఇంకోసారి ఆ మాటన్నావంటే పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఎటైనా ఎల్లిపోతాను, మళ్ళీ కనపడను. నాకు సొరా లేదు, ఏమీ లేదు. చెరువు దగ్గర నీళ్ళు తోడే ఇంజను బెల్టులో పడింది కాలు. మీరందరూ కూడా అదే చెప్పండమ్మా, దణ్ణం పెడతాను" అన్నాడు. పడుకునే చేతులు జోడించాడు. వాళ్ళు తలలూపారు. లంకలో రహస్యం దాగదంటారు గాని, వాడంటే ఊరికి ఇష్టం. ఒక ఊరు ఊరంతా ఇంజను బెల్టు అనే చెప్పుకుంటూ వచ్చింది. చెప్పగా చెప్పగా వాళ్ళలో సగం మందికి అదే నిజమైపోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, మచిలీపట్నం నుంచి ఎవరో చుట్టాలు పాపం మంచి మనసుతో పచ్చి పాలసొర పట్టుకొచ్చారు. మా అత్తగారు కళ్ళొత్తుకుంటూ పిట్టు వండారు. ఇల్లంతా వెల్లుల్లి వాసన. నా తోడికోడలు ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసి, నా వైపు చూసి, "ఏం తిని పెరిగిందో అక్కా ఇది" అంది. నేను కంచం తీసేశాను. ఆ తర్వాత మా రెండిళ్ళలోనూ సొర వండలేదు.

మా మరిది మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. చెరువులు కౌలుకి తీసుకుని గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వెండి మొలతాడు అమ్మేశాడు. అలాంటివాడి కూతురు ఎనిమిదో తరగతి సెలవుల్లో మా ఇంటికొచ్చి, ఈత నేర్చుకుంటానని పేచీ పెట్టింది. వద్దంటాడనుకున్నాను. "నేర్పించండి వదినా, నీళ్ళంటే భయం ఉండకూడదు" అన్నాడు. మొదటిరోజు తానే తీసుకెళ్ళాడు. పిల్ల నీళ్ళలో కేరింతలు కొడుతుంటే, వాడు గోడవైపు తిరిగి, స్విమ్మింగ్ పూలుకి వీపు పెట్టి కూర్చున్నాడు. పిల్ల ఇంటికొచ్చి, "నాన్న అస్సలు చూడలేదు పెద్దమ్మా" అని అలిగింది. ఆ సాయంత్రమే బజారుకెళ్ళి వెండి పట్టీలు కొనుక్కొచ్చి దాని కాళ్ళకి పెట్టి బతిమాలుకున్నాడు. అప్పటి నుంచీ అది పట్టీలు తీసిన పాపాన పోలేదు. కురచవైతే కొక్కేలు కలిపించుకుంది గాని, కొత్తవి కొంటానన్నా వద్దంది.

శుక్రవారం రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. పోటీ అంటే ఎప్పటిలా స్విమ్మింగ్ పూల్లోనే అని మరిది అనుకుంటున్నాడు. సముద్రమని చెబితే నాన్న కంగారు పడతాడని పిల్ల చెప్పలేదు. చెప్పకుండా పంపితే నేను రేపు వాడి మొహం ఎలా చూడను? చెబితే పిల్ల ప్రయాణం ఆగిపోతుంది. ఆగిపోతే బాగుండుననే నాకూ ఉంది, దాచడమెందుకు. విశాఖపట్నంలో పడవలుంటాయి, మనుషులుంటారు, అన్నీ చూసుకుంటారు అని మా ఆయన చెబుతున్నారు గాని, చెబుతూ చెబుతూ ఆయన కూడా లేచి మంచినీళ్ళు తాగారు. శనివారం పొద్దున్నే ఫోను చేసి, ఆదివారం రమ్మన్నాను.

వచ్చాడు. థర్మోకోలు పెట్టెలో ఐసేసి కొర్రమీనులు తెచ్చాడు, తెలిసినవాళ్ళ కారులో వచ్చాడు. పిల్ల ఇంకా చర్చి నుంచి రాలేదు, పాటల బృందంలో ఉంది కాబట్టి ఆఖర్న వస్తుంది. వసారాలో కూర్చోబెట్టి, "అబ్బాయ్, పోటీ సముద్రంలోనంట" అన్నాను. వాడు ఎడమ తొడ మీద చెయ్యేసి రాసుకుంటూ వీధి వైపు చూశాడు. సొరల గురించి ఫోనులో చూసిందని, చేపలు ఒంటికి కట్టుకునే తెలివితక్కువోళ్ళు ఉంటారా అని అడిగిందని చెప్పాను.

"నవ్విందాండీ?" అన్నాడు.

"పడీపడీ నవ్వింది."

"నవ్వాల్సిందే కదండీ మరి" అని తనూ కొంచెం నవ్వాడు.

"వద్దని చెప్పెయ్యి. నువ్వు వద్దంటే అది వెళ్ళదు" అన్నాను.

"ఆపితే ఎందుకాపుతున్నావు నాన్నా అంటదండి. అప్పుడు మొత్తం చెప్పాలి వదినా. అది నేను చెప్పలేనండి" అన్నాడు.

భోజనాలయ్యాయి. పిల్ల తండ్రి మొహం చూసి, విషయం తెలిసిపోయిందని కనిపెట్టి, నా వైపు గుర్రుగా చూసింది. వాడు దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో చెరువు సంగతి చెబుతున్నట్టు మామూలుగా మొదలుపెట్టాడు. "నా కాలు ఇంజను బెల్టులో పడలేదమ్మా. మొన్న నువ్వు నవ్వేవంట చూడు, ఆ తెలివితక్కువోణ్ణి నేనే" అన్నాడు. అది అర్థం కానట్టు చూసింది. వాడు మొగ గురించి చెప్పాడు, టీ రంగు నీళ్ళ గురించి చెప్పాడు, పొద్దు వాలడం, వెండి మొలతాడు, కొయ్యింగల దండ, వెనక నుంచి లాగడం, అన్నీ చెప్పాడు. ఇన్నేళ్ళలో వాడి నోటి నుంచి ఆ సంగతి నేను వినడం కూడా అదే మొదటిసారి. పిల్ల మొహం పాలిపోయింది. మా ఆయన పేపరు ఎత్తి పట్టుకున్నారు గాని పేజీ తిప్పడం లేదు. అప్పుడు అది అడగనే అడిగింది. "అసలు అక్కడికెందుకెళ్ళావు నాన్నా?"

నేను చేతిలో గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. వాడు నా వైపు చూడలేదు.

"సరదాకమ్మా. పెదనాన్నా నేనూ సముద్రం చూద్దామని ఎళ్ళేం. కొల్లేట్లో ఇంతటోణ్ణని పొగరు, దిగేను."

పిల్ల తెలివైంది. ప్రమాదం తను పుట్టిన నెలలోనే జరిగిందని దానికి తెలుసు. వేళ్ళతో లెక్కపెట్టనక్కర్లేకుండానే దాని మొహం ఎర్రబడింది. "అమ్మ పచ్చి బాలింత. నేను పుట్టి పట్టుమని పది రోజులు కూడా అయి ఉండవు. అమ్మనీ నన్నూ వదిలేసి సరదాకి వెళ్ళావా? సిగ్గులేదా నాన్నా నీకు?" అంది. తండ్రిని అంత మాటనడం దానికీ కొత్తే, అనేసి ఏడ్చేసింది.

"అప్పట్లో లేదమ్మా" అన్నాడు వాడు.

నా నోటి దాకా వచ్చింది. నీకోసమే వెళ్ళాడే పిచ్చిదానా, నువ్వు ఏడవలేక పడుకుంటే చూడలేక వెళ్ళాడే, అని. అప్పుడు చూశాడు నా వైపు. ఆసుపత్రి మంచం మీద చేతులు జోడించినప్పుడు ఎలా చూశాడో అలాగే. నేను గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి వాడు నేలమీద కూర్చుని ఉన్నాడు. వంగని ఎడమకాలు బారజాపుకుని, పిల్ల పాదం ఒళ్ళో పెట్టుకుని పట్టీ కొక్కెం విప్పుతున్నాడు. కొక్కెం బిగుసుకుపోయింది, వాడికి దగ్గరి చూపు ఆనదు, అయినా నన్ను తియ్యనివ్వలేదు. "మెరిసేవి వద్దమ్మా. పొద్దుగూకితే దిగొద్దు. అందరితోపాటే ఉండు, ముందుకెళ్ళిపోదామని చూడకు" అంటున్నాడు. పిల్ల పాదం వెనక్కి తీసుకోలేదు. ఫోనులో చెప్పినవే అన్నీ, కొత్తగా వాడు చెప్పింది ఏమీ లేదు. అయినా ఈసారి అది నవ్వలేదు.

సోమవారం వెళ్ళింది. మరిది లంకకి వెళ్ళకుండా మా వసారాలోనే ఉండిపోయాడు, పట్టీలు చొక్కా జేబులో. నిన్న పోటీ. పదకొండు దాటాక ఫోను మోగితే నేనే తీశాను. "ఒడ్డుకొచ్చేశాను పెద్దమ్మా, బాగానే ఉన్నాను, నాలుగోదాన్నయ్యాను" అంది రొప్పుతూ. నాన్న ఇక్కడే ఉన్నాడు, ఇవ్వనా అన్నాను. "వద్దులే. నాకు ఇంకా కోపం తగ్గలేదని చెప్పు" అంది. చెప్పాను. వాడు జేబు మీద చెయ్యేసుకుని, "తగ్గకపోయినా పరవాలేదండి, ఒడ్డుకొచ్చింది కదా" అన్నాడు. ఆ తర్వాత అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు, రెండు రోజుల తర్వాత.

తండ్రి కాలు తినేసిందన్న మా అత్తగారు పోయి చాలాకాలమైంది. విన్న ఆడవాళ్ళలో కూడా ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ళకీ గుర్తుండదు. ఇక ఎవరి నోటికీ భయపడక్కర్లేదు, పిల్లకి చెప్పేద్దామని నేనంటే మరిది తల అడ్డంగా ఊపుతాడు. దానికీ ఒక బిడ్డ పుట్టి, పాలు పడలేదని అది ఏడ్చే రోజొకటి వస్తే అప్పుడు చెబుతాను, ఎవరాపినా ఆగను. అది ఇంకా ఎన్నేళ్ళకో. అప్పటిదాకా తండ్రి మీద దాని కోపం దానికుంటుంది, చెప్పాల్సిన రోజు వచ్చేసరికి చెప్పగలిగినవాళ్ళం మాలో ఎవరం మిగిలి ఉంటామో.